తీగకు గుచ్చిన ఉత్తరాలు

ప్రొద్దుటూరులో మా పాత ఇంటి ముందరి గదిని మేమెవరమూ గది అనేవాళ్లం కాదు, మండీ అనేవాళ్లం. అక్కడ అబ్బ, అంటే మా నాన్నను కన్న తండ్రి, కూర్చునే పరుపు వెనుక గోడకు నాలుగు ఇనుప తీగలు వేలాడుతుండేవి. ప్రతి తీగకూ పైన కొక్కెం, అడుగున అరచేతిలో ఇమిడేంత చెక్క బిళ్ల ఉండేవి. వచ్చిన ఉత్తరాన్ని అబ్బ రెండుసార్లు చదివి, జవాబు రాసో రాయించో, జవాబు పోయిన తేదీ పైన ఒక మూలన వేసి, ఆ తరువాత దాన్ని తీగ కొనకు ఆనించి ఒక్క పోటు పొడిచి కిందికి జార్చేవాడు. తీగ నిండితే దాన్ని అటక మీది కొయ్యకు తగిలించి, ఖాళీ తీగ తెచ్చి గోడకు వేసేవారు. సుమారు ముప్పై ఐదేళ్ల ఉత్తరాలు అట్లా అటక మీద ఎండిన మిరపకాయల దండల మాదిరి వేలాడుతుండేవి.

నాకు ఏడెనిమిదేళ్లు వచ్చాక పొడిచే పని నాకు అప్పగించారు. అబ్బ పెట్టిన నియమం ఒక్కటే: పోటు అక్షరం మీద పడకూడదు, వరుసల నడిమి తెల్లకాగితం మీద పడాలి. ఆ నియమాన్ని నేను ఎన్నిసార్లు తప్పానో అప్పట్లో ఎవరూ లెక్క పెట్టలేదు. నలభై ఏళ్ల తరువాత నేనే లెక్క పెట్టుకోవలసి వచ్చింది.

అబ్బ శనక్కాయలకు, పత్తికి కమీషను వ్యాపారి. రైతులు తెచ్చిన సరుకును తూకం వేయించి, మద్రాసు వర్తకులకు, నూనె మిల్లులకు అమ్మిపెట్టి, నూటికింత అని తీసుకునేవాడు. 1915లో మునిసిపాలిటీ అయిన ఊళ్లో కౌన్సిలరుగా కొన్నాళ్లు పనిచేశాడు. గుడి ధర్మకర్తల్లో ఒకడు, ఊరి పంచాయితీల్లో మాట చెల్లినవాడు. చదువు మాత్రం ఎనిమిదో తరగతితో ఆగింది. అయినా వీధిబడిలో పట్టుబడిన పద్యం ఆయన్ను వదలలేదు. పద్యం వెంట పాత భాష, పాత భాష వెంట శాసనాలు వచ్చాయి. మా ప్రాంతంలో పుట్టినవాడికి ఆ పిచ్చి పట్టడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. తక్కిన రాజులు ఎక్కువగా సంస్కృతంలో శాసనాలు వేయిస్తున్న కాలంలో రేనాటి చోళులు తెలుగులో వేయించిన నేల ఇది. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో ఎరికల్ ముతురాజు ధనంజయుడు వేయించిన రాతిని 575 ప్రాంతానిదిగా పండితులు లెక్కగట్టారు. కమలాపురం వైపు ఎర్రగుడిపాడులో మరొకటి ఉంది. మాలేపాడులో దొరికిన రాగిరేకులు ఆ వంశపు రాజు పుణ్యకుమారుడివి. ఈ పేర్లు నేను బడిలో నేర్చుకోలేదు, తూకపు కాటా పక్కన కూర్చుని విన్నాను.

శాసనాల సంగతులు అడుగుతూ అబ్బ మద్రాసులోనూ, తిరుపతిలోనూ, అనంతపురంలోనూ ఉన్న పండితులకు రాసేవాడు, వాళ్లు శ్రద్ధగా జవాబులు రాసేవారు. వాళ్లెవరో ఇక్కడ చెప్పను. ఉత్తరం కాగితం అందుకున్నవాడిదే అయినా, అందులోని మాట మాత్రం రాసినవాడిది. ఆ మాట బయటపెట్టాలంటే వారి వారసులను అడగాలి. ఇద్దరి కుటుంబాల నుంచి సరేనన్న జవాబు వచ్చింది, తక్కినవారిని ఇంకా అడుగుతున్నాను.

పండితుల ఉత్తరాలకు ప్రత్యేకమైన తీగ లేదు. నాలుగు తీగల్లో ఒకటి మద్రాసు వర్తకులది, ఒకటి రైలు రసీదులు, తంతులది, ఒకటి ఊళ్లలోని రైతులది, నాలుగోది తక్కినవన్నీ. పండితుల జాబు ఏ రోజు వస్తే ఆ రోజు ఏ తీగ చేతికి దగ్గరగా ఉంటే దానికే పోయేది. వసుచరిత్రలోని పద్యానికి అర్థం చెప్పే కాగితం కింద శనక్కాయల ధర, దానికింద పెండ్లి పత్రిక. నాకు చాలాకాలం అది అబ్బ అశ్రద్ధగానే కనిపించింది.

అబ్బ 1971లో పోయాడు. 1979లో అన్నదమ్ముల భాగాలు జరిగి ఇల్లు చిన్నాయన వాటాకు వచ్చినప్పుడు అటక దించవలసి వచ్చింది. అప్పటికి నాకు డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షల ఫలితాల కోసం చూస్తున్నాను. తెలుగు సాహిత్యం కొంత చదివానన్న గర్వం కూడా ఉంది. అటక మీది తీగలన్నీ దించి, మండీలో చాప పరిచి, కటింగ్ ప్లేయరుతో చెక్క బిళ్లలను కత్తిరించి, ఉత్తరాలను ఊడదీసి రెండు కుప్పలు పోశాను. సాహిత్యం ఒక కుప్ప, వ్యాపారం ఒక కుప్ప. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఆ ఆలోచన నాదే. మూడు రోజులు కూర్చుని, తలెత్తకుండా, చాలా జాగ్రత్తగా చేశాను. అంత జాగ్రత్తగా ఒక తప్పు చేయడం జీవితంలో మళ్లీ నాకు సాధ్యపడలేదు.

మా అవ్వ గడప మీద కూర్చుని చూస్తూ ఉండేది. ఆమెకు చదువు రాదు. రెండో రోజు సాయంత్రం అనుకుంటాను, వక్క కొరుకుతూ అడిగింది: "ఒక చేతికి వచ్చినేటివి రెండు కుప్పలు ఎట్ల జేస్తావురా?" నేను నవ్వి, "ఇది పండితులది అవ్వా, ఇది బేరాలది" అన్నాను. "మీ అబ్బకు రెండు తలకాయలు ఉండెనా?" అని లేచి లోపలికి పోయింది.

వ్యాపారం కుప్ప మూడు గోనె బస్తాలు అయ్యింది. పాత కాగితాలు కొనేవాడు వచ్చి, మండీలోని కాటా మీదే తూచి, అక్కడికక్కడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చిపోయాడు. నెల తిరగకముందే ఒక సాయంత్రం బజారులో కొన్న మిరపకాయ బజ్జీల కింద గొలుసుకట్టు రాత కనిపించింది. నూనె పీల్చుకున్న ఆ కాగితం మూలన అబ్బ వేసిన జవాబు తేదీని గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా బజ్జీలు తిన్నాను, ఎందుకంటే అది వ్యాపారం ఉత్తరమే కదా అనుకున్నాను.

కొన్ని వ్యాపార కాగితాలు నా చేతికి చిక్కకుండా తప్పించుకున్నాయి. అవ్వ దేవుని గూట్లో పదకొండు లెక్క పుస్తకాలు ఉన్నాయి. ఉగాది నాడు కొత్త పుస్తకం మొదటి పుట మీద పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు కాబట్టి, లెక్కలు తీరిపోయినా ఆ పుస్తకాలను ఆమె పారవేయనివ్వలేదు. ఇంకా రెండు నకలు పుస్తకాలు మిగిలాయి, అవి దూది బస్తాల కింద మరుగునపడి ఉండడం వల్ల.

నకలు పుస్తకం అంటే ఇప్పటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కార్బన్ కాగితం ఇంటింటా రాకముందు, వర్తకులు తాము పంపే ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఉల్లిపొర లాంటి పలుచని కాగితాలు ఐదువందలో వెయ్యో, వరుస అంకెలు అచ్చువేసి, లావుగా బైండు చేసి ఉంటాయి. ఉత్తరాన్ని ప్రత్యేకమైన నకలు సిరాతో రాస్తారు. పుస్తకంలోని ఒక ఆకును తడిబట్టతో చెమ్మ చేసి, దానికి ఉత్తరాన్ని ఆనించి, చెమ్మ పక్క ఆకులకు పాకకుండా అటూ ఇటూ నూనె కాగితాలు పెట్టి, పుస్తకాన్ని మూసి, ఇనుప ప్రెస్సు కింద పెట్టి, పైనున్న పిడిని బిగిస్తారు. కొద్ది నిమిషాల్లో సిరా కొంత ఆకుకు దిగుతుంది. దిగిన అక్షరాలు అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంటాయి, కాని కాగితం పలుచన కాబట్టి వెనుకవైపు నుంచి చూస్తే సరిగానే చదవగలం. మా మండీలో ఆ ప్రెస్సు నాకు జ్ఞాపకం వచ్చేనాటికే మూలపడింది. పిల్లలం దాని కింద చింతగింజలు పెట్టి నలగ్గొట్టేవాళ్లం.

ఆ రెండింటిలో మొదటి పుస్తకం అట్టకు చెదలు మట్టి పట్టి ఉండింది. నేను తడిగుడ్డ తీసుకుని అట్ట తుడిచాను, అంచులు కూడా తుడిచాను. ఆరబెట్టి మరునాడు తెరిచి చూస్తే అంచు పొడుగునా రెండు వేళ్ల వెడల్పున ఊదారంగు మేఘం పరుచుకుని ఉంది. తడి తగిలితే దిగాలనే ఉద్దేశంతో చేసిన సిరా అది, తడి తగిలితే దిగింది. ప్రతి పుటలోనూ వరుస చివరి రెండు మూడు అక్షరాలు పోయాయి. శాసనాలు చదివేవారు శిథిలమైన అక్షరాలకు చుక్కలు పెట్టినట్టే, ఇప్పుడు నేను ఆ పుస్తకానికి ఎత్తిరాసుకునే ప్రతిలో వరుస చివర చుక్కలు పెట్టుకుంటున్నాను. వాళ్ల రాళ్లు పదమూడు పద్నాలుగు వందల ఏళ్ల ఎండావానలకు చెడ్డాయి, నా పుస్తకం ఒక్క తడిగుడ్డకు చెడింది.

బ్యాంకులో ఊళ్లు తిరిగి తిరిగి 1990ల చివర కడపకు బదిలీ అయ్యాను. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఉండిన చోట దాన్ని నిలబెట్టడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పడిన పాట్లు కడపలో అందరికీ తెలిసినవే. ఆదివారాలు అక్కడికి పోవడం అలవాటయింది. బ్రౌన్ నిఘంటువు, వేమన పద్యాలు తెలిసినంతగా ఆయన ఉత్తరాల సంగతి నాకు అప్పటివరకు తెలియదు. కొలువు చేస్తూ, సొంత డబ్బుతో ఈ ఊళ్లోనే బంగళా కొని, జూలూరి అప్పయ్య వంటి పండితులను పెట్టుకుని, కావ్యాలకు శుద్ధ ప్రతులు, వ్యాఖ్యలు రాయించిన మనిషి ఆయన. ఉద్యోగరీత్యా వేరే ఊళ్లలో ఉన్నప్పుడు ఇక్కడి పని అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటివారు చూసుకునేవారు. అందువల్ల పని అంతా జాబుల మీద నడిచింది. ఆ జాబులను బంగోరెగా పేరుపడ్డ బండి గోపాలరెడ్డిగారు మద్రాసులో ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో వెదికి పట్టుకుని, అర్థంకాని రాతలతో కుస్తీ పట్టి, అచ్చులోకి తెచ్చారు.

ఆ అచ్చు పుస్తకం గ్రంథాలయంలోనే ఒక మధ్యాహ్నం చదువుతుండగా నాకు అవ్వ మాట గుర్తుకు వచ్చింది. పాఠభేదాల మాటా జీతాల మాటా ఆ జాబుల్లో ఒకే చోట నడుస్తాయి. గ్రంథం ఎంతవరకు వచ్చిందో చెప్పే నోటితోనే తమకు రావలసింది కూడా అడుగుతారు. ఈ ఊరి మెకంజీ కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రల రాతలు కూడా అంతే. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి కింది మనుషులూ ఊరూరా తిరిగి సేకరించిన వాటిలో రాజుల వంశావళి పక్కనే చెరువు మాన్యం, పన్నుల లెక్క ఉంటాయి. జీతం బాకీ వాక్యాన్ని అల్పమని కొట్టివేసినవాడు ఎవడైనా మధ్యలో ఉండి ఉంటే, కావ్యం నకలు ఆ నెల ఎందుకు ఆగిందో మనకు ఎన్నటికీ తెలిసేది కాదు. వాళ్ల అదృష్టం, అటువంటివాడు మధ్యలో రాలేదు. మా అబ్బకు మనవడు ఉన్నాడు.

ఆ ఆదివారం సాయంత్రమే బస్సెక్కి ప్రొద్దుటూరుకు పోయి, నా దగ్గరి పెట్టెలు, గూట్లోని లెక్క పుస్తకాలు, రెండు నకలు పుస్తకాలు అన్నీ కడపకు తెచ్చుకున్నాను. పనిలో నాకు దారి చూపింది తాళపత్రాలు శుభ్రం చేయడంలో ఆరితేరిన ఒక పెద్దాయన. తాటాకులకు నిమ్మగడ్డి నూనె పట్టించి, మసి రుద్ది, అక్షరం తేల్చడం ఆయన విద్య. కాగితానికి మాత్రం ఏమీ పూయకూడదని, ముందు నా చేతులను అదుపులో పెట్టుకోవాలని చెప్పాడు. నేను సెల్లోటేపు అంటించిన ఉత్తరాలు చూసి మాట్లాడలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. టేపు జిగురు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోయింది, అది ఇక రాదు. చిరుగులకు పలుచని జపాన్ కాగితం ముక్కను గోధుమ గంజితో అతికించడం నేర్పాడు. కావాలంటే రేపు చెమ్మ చేసి ఊడదీయవచ్చు కాబట్టి అదే మేలన్నాడు. ఊదా సిరా కాగితాలకు మాత్రం గంజి కూడా వద్దన్నాడు. గుండుసూదులు తీయించాడు, ప్లాస్టిక్ సంచులు పారవేయించాడు, అంకెలు మెత్తని పెన్సిలుతోనే వేయమన్నాడు. ఫోటోస్టాట్ దుకాణంలో లామినేషన్ చేయించాలన్న నా కోరికను ఒక్క చూపుతో చంపేశాడు.

చదవడం వేరే పని. అబ్బ కలమెత్తకుండా, పదానికి పదానికి నడుమ ఎడం లేకుండా రాసేవాడు. అంకెలు తెలుగు అంకెలే. వాటి పక్కన కాలు, అర, ముప్పాతిక, వీసం గుర్తులు ఉంటాయి. మొదట నేను వాటిని రాతలో దొర్లిన గీతలనుకున్నాను. ఎనిమిది వీసెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ అన్న లెక్క తెలిసిన పాత గుమాస్తా ఒకాయన ఇంకా బతికి ఉండడం నా పుణ్యం. ఆయన ఎదుట ఒక పుట పెట్టి, "ఇది ఎంత?" అని అడిగితే, కళ్లు మూసుకుని వేళ్ల కణుపులు లెక్కపెట్టి చెప్పేవాడు. ఆ గుర్తులు ఇప్పుడు కంప్యూటరు లిపిలో కూడా చేరాయి, చదివేవారే కరవు.

రెండో నకలు పుస్తకం తడి తగలనిది. అందులో చిత్రభాను సంవత్సరం మార్గశిరంలో, అంటే 1942 డిసెంబరులో, ఎర్రగుంట్లలోని మా మనిషికి అబ్బ రాసిన జాబు ఒకటి ఉంది. అప్పట్లో మా ఊరికి రైలు లేదు, అది 2016లో గాని రాలేదు. సరుకంతా బండ్ల మీద ఎర్రగుంట్ల స్టేషనుకు పోవలసిందే. జాబు మొదట పద్నాలుగు బండ్ల శనక్కాయల లెక్క ఉంది. యుద్ధకాలం కాబట్టి వ్యాగన్లు దొరకడం లేదని, మూడు నాలుగు రోజులు బండ్లు అక్కడే నిలపవలసి వస్తుందని, ఎద్దులకు చొప్ప ఎవరి దగ్గర కొనాలో, రాత్రి కాపలా ఎవరిని పెట్టాలో రాశాడు. ఆ తరువాత కొత్త పేరా కూడా ఎత్తుకోకుండా అదే వరుసలో, ఊరికే కూర్చునే బదులు ఒక పూట కలమళ్లకు పోయి గుడి ఆవరణలో రాయి క్షేమంగా ఉన్నదో లేదో చూసి, దాని మీద ఎవరూ సున్నం పూయకుండా పూజారికి చెప్పి, రాతి కొలతలు జానలలో రాసుకుని రావలసిందని ఉంది. చివర మళ్లీ గోనె సంచుల లెక్క.

ఈ జాబును నేను 1979లో చూసి ఉంటే ఏ కుప్పలో వేసేవాణ్ణి? మొదటి వరుస చూసి వ్యాపారం కుప్పలోనే వేసేవాణ్ణి, సందేహం లేదు. వ్యాగన్ల కరవు లేకపోతే కలమళ్ల ప్రయాణమే లేదన్న సంగతి ఒక కుప్పను చూసినవాడికి తెలియదు. నేను తూకానికి అమ్మిన మూడు బస్తాల్లో ఇటువంటి వరుసలు ఎన్ని ఉండేవో ఆలోచించడం చాలాకాలం కిందటే మానుకున్నాను, రాత్రిళ్లు నిద్ర పట్టదు.

పొరపాటున సాహిత్యం కుప్పలో కలిసి మిగిలిపోయిన వర్తకుల ఉత్తరాలు డెబ్బై దాకా ఉన్నాయి. అవే నన్ను ఒడ్డుకు చేర్చాయి. తిరుపతి నుంచి ఒక పండితులు మా ప్రాంతపు వీరగల్లు, అంటే పోరులో పడిన వీరుడి పేర నిలిపిన రాయి, మీది ఒక మాటను గురించి అబ్బకు రెండు ఉత్తరాలు రాశారు. ఒకదానిలో ఒక పాఠం, మరొకదానిలో వేరొక పాఠం చెప్పారు. రెండింటిలో ఏది ముందుదో తెలిస్తే గాని వారు చివరకు ఏ పాఠానికి కట్టుబడ్డారో తెలియదు. ఒకదానిపై తేదీ ఉంది. రెండోదానిపై తేదీ ఉండవలసిన చోట గుండ్రని చిల్లు, చుట్టూ తుప్పు మరక ఉన్నాయి. అబ్బ ఆ కాగితంపై జవాబు తేదీ కూడా వేయలేదు, బహుశా జవాబు రాయలేదు. చిల్లు నాదే. ఆ వంకర పోటు పెద్దవాళ్లది కాదు, ఎనిమిదేళ్లవాడిది. కవరు ఉంటే తపాలా ముద్ర చెప్పేది, కాని తపాలా బిళ్లల కోసం కవర్లు చింపుకున్నదీ నేనే. ఒకే ఉత్తరాన్ని రెండు వైపుల నుంచి ముట్టడించాను.

ఒక రాత్రి దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకున్నప్పుడు తుప్పు మరక ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క తేలికగా, అర్ధచంద్రాకారంగా ఉండడం గమనించాను. తీగ తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు పైకాగితానికీ కిందికాగితానికీ ఒకే ఆకారంలో అంటుకుంటుంది కదా అనిపించింది. డెబ్బై వర్తకుల ఉత్తరాలనూ బల్ల మీద పరిచి, చిల్లులను చిల్లులతో సరిచూడడం మొదలుపెట్టాను. రెండు వారాల రాత్రులు పట్టింది. ఆ అర్ధచంద్రం అద్దంలో ప్రతిబింబంలా ఇంకో కాగితం ముందువైపు దొరికింది. అది మద్రాసు నుంచి ఒక నూనె వర్తకుడు రాసిన నాలుగు వరుసల ధరల జాబు. దానిపై 1965 ఫిబ్రవరి తేదీ స్పష్టంగా ఉంది. పండితుల ఉత్తరం దాని మీదకు వచ్చి కూర్చున్నది, అంటే దాని తరువాత వచ్చినది. తేదీ ఉన్న మొదటి ఉత్తరం 1964 నాటిది. కాబట్టి వారి చివరి పాఠం ఏదో తేలింది. ఒక వీరగల్లు మీది మాటకు సాక్ష్యం శనక్కాయ నూనె ధరల కాగితం చెప్పింది.

ఆ రోజు నుంచి ఉత్తరాలను విషయాల వారీగా సర్దడం మానేశాను. చిల్లుల వరుస దొరికినవాటిని ఆ వరుసలోనే, దొరకనివాటిని దొరకలేదని పెన్సిలుతో రాసి విడిగా, మంచి కాగితపు కవర్లలో ఉంచుతున్నాను. మొత్తం నాలుగు వందల పైచిలుకు ఉత్తరాల్లో ఇప్పటికి నూట అరవైకి వరుస కుదిరింది. ఫోటోలు మా మనవరాలు తీసిపెట్టింది. చిల్లును కూడా స్పష్టంగా, ముందూ వెనుకా తీయమంటే మొదట నవ్వింది, తరువాత నాకంటె చాదస్తంగా తయారయ్యింది.

వీటన్నిటిలో చిల్లు లేని ఉత్తరం ఒకే ఒక్కటి ఉంది. అది బహుధాన్య సంవత్సరం, అంటే 1938, ఉగాదినాటి పూజా గుర్తు ఉన్న లెక్క పుస్తకంలో, నాలుగు మడతలుగా, పుటల మధ్య దొరికింది. మద్రాసు నుంచి ఒక పెద్ద పండితులు రాసినది. రెండు పుటల నిండా ఛందస్సు చర్చ ఉంది. చివర, అక్షరాలు కొంచెం చిన్నవి చేసి, తాను అచ్చువేయిస్తున్న పుస్తకానికి కాగితం కొనడానికి 50 రూపాయలు తక్కువ పడుతున్నాయని, ఈ మాట ఇంకెవరికీ తెలియనివ్వవద్దని రాశారు. మండీలో తీగ మీది ఉత్తరం గుమాస్తాలు చదువుతారు, బంధువులు చదువుతారు, నా వంటి పిల్లలు చదువుతారు. అబ్బ అందుకే దాన్ని తీగకు గుచ్చలేదు.

దానికి ఏం జవాబు రాశాడో నకలు పుస్తకంలో వెదికాను. ఆ సంవత్సరపు పుస్తకం నేను తడిగుడ్డతో తుడిచినదే. అయినా ఓపికగా చూశాను, ఆ పండితుల పేర జవాబు ఎక్కడా లేదు. చాలా రోజులకు, ఉత్తరం దొరికిన లెక్క పుస్తకాన్నే మొదటి నుంచి చదవాలన్న బుద్ధి పుట్టింది. ధర్మ ఖాతా కింద, గుడి దీపారాధన నూనెకూ అన్నసత్రం బియ్యానికీ నడుమ, గొలుసుకట్టులో ఒక పద్దు ఉంది: "మద్రాసు కాగితం నిమిత్తం మనియార్డరు." ఎదురుగా తెలుగు అంకెల్లో 75. పేరు రాయవలసిన చోట పేరు లేదు, చిన్న అడ్డగీత ఉంది.

ఆ ఉత్తరం ఉన్న కవరు మీద పెన్సిలుతో లెక్క పుస్తకం అంకె, పుట అంకె వేశాను. లెక్క పుస్తకంలో ఆ పుట దగ్గర ఒక తెల్ల చీటీ ఉంచి, ఉత్తరం అంకె దానిపై రాశాను. అటువంటి చీటీలు ఇప్పటికి ఆరు అయ్యాయి. తక్కిన పద్దుల్లో ఎనిమిదింటికి పేరు చోట అదే అడ్డగీత ఉంది, వాటికి సంబంధించిన ఉత్తరాలు నా దగ్గర లేవు.